తడి నేలలో, వాలు నేలలో పాత చైన్ ట్రాక్టరు

అందరికీ నమస్కారం.

ఈ పూట నేను మాట్లాడబోయేది టైర్ల బదులు ఇనుప పట్టాల మీద నడిచే చిన్న పాత ట్రాక్టర్ల గురించి. చైన్ ట్రాక్టరు అనగానే మనకు గుర్తొచ్చేది రోడ్డు పనుల్లో కనిపించే పెద్ద బుల్‌డోజరు. దాన్ని పక్కన పెట్టండి. నేను చెప్పేవి 1930ల నుంచి 1960 ప్రాంతం దాకా సేద్యం కోసమే తయారైన చిన్న బండ్లు. అర టన్ను బరువు, ఆరు హార్స్‌పవర్ ఉన్నవి మొదలుకొని మూడున్నర టన్నులు, నలభై హార్స్‌పవర్ ఉన్నవాటి దాకా. వీటికి కొత్త రంగులు వేసి ప్రదర్శనల్లో నిలబెట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఇవి ఇంకా పొలంలో పని చేయగలవనీ, కొన్ని పనులు కొత్త బండ్ల కంటే బాగా చేయగలవనీ నా వాదన. అవి ఏ పనులో, ఏ షరతుల మీదో చెప్పడానికే వచ్చాను.

వంద హార్స్‌పవర్ ట్రాక్టర్లు దొరుకుతున్న కాలంలో డెబ్భై ఏళ్ల నాటి పాతిక హార్స్‌పవర్ బండితో ఏం సాగు చేస్తామని చాలామంది అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఇంజను సంగతి తర్వాత చూద్దాం. ముందు నేలను చూడాలి. వాన వెలిసింది, పైన ఆరినట్టే ఉంది, కింద ఇంకా మెత్తగా ఉంది. దుక్కికి అదను రెండు మూడు రోజుల్లో వచ్చి పోతుంది. ఆ రోజుల్లో టైర్ల బండి దిగితే కూరుకుపోతుంది, లేదా చాళ్ల వెంబడి నేలను ఇటుకలా అణిచేస్తుంది. ఆరేదాకా ఆగితే పదును పోతుంది. చైన్ ట్రాక్టరు పనికొచ్చేది సరిగ్గా ఆ రెండు మూడు రోజుల్లోనే.

ఎందుకో ఒక లెక్క చేసి చూద్దాం. క్యాటర్‌పిల్లర్ డీ2 అనే బండి 1938 నుంచి 1957 దాకా తయారైంది. బరువు మూడు టన్నుల పైచిలుకు. 3,200 కిలోలు అనుకుందాం. ఒక్కో పట్టా వెడల్పు ముప్పై సెంటీమీటర్లు, నేలకు ఆనే పొడవు దాదాపు మీటరున్నర. రెండు పట్టాలకూ కలిపి తొమ్మిది వేల చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకు పడే బరువు 350 గ్రాములు. అరవై అయిదు కిలోల మనిషి నడిచేటప్పుడు ఒంటికాలి మీద ఉండే క్షణంలో ఆ పాదం కింద పడేది కూడా ఇంచుమించు అంతే. అంటే మూడు టన్నుల ఇనుము మనిషి అడుగంత ఒత్తిడితో నేల మీద నడుస్తోందన్నమాట. టైరు సంగతి వేరు. టైరులో గాలి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఉంటే, నేల మీద పడే ఒత్తిడి కూడా కిలోకు అటూ ఇటూగా ఉంటుంది. టైరు గోడల బిగువు తోడైతే ఇంకాస్త పెరుగుతుంది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ 350 గ్రాములు సగటు మాత్రమే. పట్టా లోపల బండి బరువు మోసే చిన్న ఇనుప చక్రాలు, అంటే రోలర్లు, వరసగా ఉంటాయి కదా, ఒక్కో రోలరు కింద ఒత్తిడి సగటుకు రెండింతలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఉంటుంది. రోలరుకూ రోలరుకూ మధ్య తగ్గుతుంది. నేల మరీ మెత్తగా ఉన్నప్పుడు, రోలర్లు తక్కువ ఉన్న పొట్టి బండిలో ఈ తేడా బాగా తెలుస్తుంది. పైగా మలుపు దగ్గర పట్టా నేలను అడ్డంగా గీరేస్తుంది. బురదలో ఒకే చోట గిర్రున తిప్పితే అక్కడి నేల మెదిపిన ముద్దయి, ఆరాక గట్టిపడుతుంది. అందుకే చేను చివర విశాలంగా, నెమ్మదిగా తిప్పాలి. చైన్ బండి నేలకు హాని చేయదని ఎవరైనా చెబితే సగమే నమ్మండి. నడిపే తీరు తెలిస్తే చాలా తక్కువ హాని చేస్తుంది.

ఇప్పుడు లాగుడు గురించి. ఒక హార్స్‌పవర్ అంటే 75 కిలోల బరువును సెకనులో ఒక మీటరు ఎత్తే శక్తి. కొక్కెం దగ్గర పాతిక హార్స్‌పవర్ అందుతోందనుకోండి. గంటకు మూడు కిలోమీటర్ల వేగంతో నడిస్తే ఆ శక్తి 2,250 కిలోల లాగుడవుతుంది. ఇది కాగితం మీద ఎవరికైనా వస్తుంది. కానీ అంత లాగుడు నేలకు చేరాలంటే పట్టు ఉండాలి. గట్టి దుక్కి నేలలో చైన్ బండి తన బరువులో డెబ్భై, ఎనభై శాతం దాకా లాగగలదు. అదే బరువున్న, వెనక చక్రాలు మాత్రమే లాగే ట్రాక్టరు వదులు నేలలో తన బరువులో సగం లాగడమే కష్టం. జారుడు కూడా చూడండి. మెత్తటి నేలలో టైరు నూరు మీటర్ల మేర తిరిగితే బండి ఎనభై అయిదు మీటర్లే కదిలిందనిపించడం మామూలు. పట్టాలు మూడు నుంచి అయిదు మీటర్లకు మించి జారవు. కాబట్టి పాత బండి పాతిక హార్స్‌పవర్‌లో ఎక్కువ భాగం నాగలికి చేరుతుంది.

కొత్త పెద్ద ట్రాక్టర్లు తమ శక్తిని వేగంతో చూపిస్తాయి. తేలిక పనిముట్టును గంటకు ఎనిమిది, పది కిలోమీటర్లతో లాగుతాయి. వెడల్పయిన, చదునైన, ఆరిన పొలంలో వాటితో పోటీ పడాలని చూడకండి, చైన్ బండి ఓడిపోతుంది. నెమ్మదిగా, గట్టిగా, ఆగకుండా లాగాల్సిన పని వచ్చినప్పుడే లెక్క మారుతుంది. ఏళ్ల తరబడి ఒకే లోతున దున్నితే కింద గట్టిపొర ఏర్పడుతుంది. దాన్ని పగలగొట్టడానికి ఒంటి కొయ్య సబ్‌సాయిలర్ దించితే, బంక నేలలో అది ఒక టన్ను నుంచి రెండు టన్నుల దాకా లాగుడు అడుగుతుంది. చిన్న టైర్ల ట్రాక్టరు అక్కడ చక్రాలు తిప్పుకుంటూ నిలబడిపోతుంది. డీ2 రకం బండి మొదటి గేరులో, ఇంజను మోత కూడా మారకుండా లాక్కుపోతుంది. ఆ పని చూసినవాళ్లు ఈ యంత్రాన్ని మళ్లీ తేలిగ్గా తీసిపారేయరు.

అసలు ఈ యంత్రం పుట్టిందే మెత్తటి నేల కోసం. కాలిఫోర్నియాలో స్టాక్‌టన్ పక్కన నదుల డెల్టాలో పీట్ నేలలుండేవి. కుళ్లిన మొక్కల పొరలతో ఏర్పడిన నేల అది, సారం ఎక్కువ, కానీ బరువు మోయలేదు. అక్కడ ఆవిరి ట్రాక్టర్లు దిగబడిపోతుంటే చక్రాల వెడల్పు పెంచుతూ పోయారు. చివరికి బండి మొత్తం వెడల్పు 46 అడుగులైంది. ఆ బండిని మలపడం ఎంత కష్టమో ఊహించండి. బెంజమిన్ హోల్ట్ వెనక చక్రాలు తీసేసి, గొలుసులకు కర్ర పలకలు బిగించిన పట్టాలు వేశాడు. 1904 నవంబరు 24న రాబర్ట్స్ ఐలాండ్‌లో దున్ని చూశారు. బండి దిగబడలేదు. ఇంచుమించు ఆ కాలంలోనే ఇంగ్లండులో గ్రాంథమ్‌లోని హార్న్స్‌బీ కంపెనీ కూడా గొలుసు పట్టాలు తయారుచేసింది. కొనేవాళ్లు లేక చివరికి ఆ పేటెంట్లను హోల్ట్‌కే అమ్మేసింది. 1925లో హోల్ట్, బెస్ట్ కంపెనీలు కలిసి క్యాటర్‌పిల్లర్ కంపెనీ అయ్యాయి.

చిన్న బండ్ల చరిత్ర నాకు ఇంకా ఇష్టం. ఒక్కోటీ ఒక్కో రకం నేల కోసం, ఒక్కో రకం రైతు కోసం పుట్టింది. క్లీవ్‌లాండ్‌లో రాలిన్ వైట్ 1916లో పెట్టిన కంపెనీ నుంచి క్లెట్రాక్ బండ్లు వచ్చాయి. ఆ వరసలో 1939లో వచ్చిన హెచ్‌జీ ఈ రోజుకీ చిన్న పొలాలకు సరిపోయే కొలతలో ఉంటుంది. తర్వాత ఆ కంపెనీని ఆలివర్ తీసుకుంది, దానికి కొనసాగింపుగా ఓసీ3 వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా ప్రాంతమంతా కొండవాలు పండ్లతోటలు. అక్కడ లిండెమన్ సోదరులు జాన్ డీర్ బీఓ ట్రాక్టరు చక్రాలు తీసేసి పట్టాలు బిగించి అమ్మారు. అది ఎంత బాగా పనిచేసిందంటే జాన్ డీర్ వాళ్ల కంపెనీనే కొనేసి, 1949లో ఎంసీ అనే సొంత చైన్ ట్రాక్టరు తెచ్చింది. ఇంగ్లండులో ఇప్స్‌విచ్‌లోని రాన్సమ్స్ 1936లో ఎంజీ2 తీసుకొచ్చింది. ఒకే సిలిండరు, 600 సీసీ, గాలితో చల్లబడే ఇంజను, రబ్బరు కీళ్ల పట్టా. మనిషి కూర్చోగల చైన్ ట్రాక్టరు అంతకన్నా చిన్నగా కట్టడం కష్టం. కూరగాయల మళ్లలో, గాజు ఇళ్లలో అది ఏళ్ల తరబడి పనిచేసింది.

తోటల సంగతి వచ్చింది కాబట్టి వాలు నేల గురించి కాస్త ఎక్కువే చెబుతాను. చైన్ బండి బరువంతా కిందనే ఉంటుంది, సీటు కూడా కిందనే. నేలకు ఆనే పొడవు ఎక్కువ. టైరులా ఎగరదు, ఊగదు. అందుకే ఏటవాలు మీద నిబ్బరంగా నిలబడుతుంది, కొమ్మల కిందుగా దూరిపోతుంది. ఇటలీలో ద్రాక్షతోటల వరసల మధ్య తిరగడానికి సన్నటి చైన్ ట్రాక్టర్లు ఈ రోజుకీ తయారవుతున్నాయి. ఆ నేలలో అంతకన్నా మంచి ఉపాయం ఇంకా దొరకలేదు కాబట్టే తయారవుతున్నాయి. అయితే తడిసిన గడ్డి మీద, గడ్డకట్టిన నేల మీద, పలక రాళ్ల మీద ఇనుప పట్టా ఒక్కసారిగా జారుతుంది. టైరు జారేముందు కాస్త సూచన ఇస్తుంది. పట్టా ఇవ్వదు.

వాలు మీద ఇంకో సంగతి ఉంది, కొత్తగా నడిపేవాళ్లు ఇది తప్పకుండా తెలుసుకోవాలి. ఈ బండ్లకు స్టీరింగు చక్రం ఉండదు, రెండు లివర్లు ఉంటాయి. ఎడమ లివరు లాగితే ఎడమ పట్టాకు ఇంజనుతో ఉన్న బంధం తెగుతుంది. కుడి పట్టా నెడుతూ ఉంటుంది కాబట్టి బండి ఎడమకు తిరుగుతుంది. చదునులో, ఎగువకు పోతున్నప్పుడు అంతా సవ్యంగానే ఉంటుంది. ఇప్పుడు వెనక ఏ బరువూ లేకుండా వాలు దిగుతున్నారనుకోండి. బండి తన బరువుకి తానే దొర్లాలని చూస్తోంది, ఇంజను దాన్ని ఆపి పడుతోంది. ఎడమకు తిప్పాలని ఎడమ లివరు లాగారు. ఎడమ పట్టాను ఆపే ఇంజను పట్టు పోయింది, అది పరుగందుకుంది. కుడి పట్టాను మాత్రం ఇంజను ఇంకా పట్టుకునే ఉంది. బండి కుడికి తిరుగుతుంది! మీరు కంగారుపడి ఎడమ లివరు ఇంకా గట్టిగా లాగుతారు, అది ఇంకా కుడికి పోతుంది. అటువైపు గట్టు ఉంటే, గుంట ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. వాలు దిగేటప్పుడు లివరుతో పాటు అదే వైపు బ్రేకు కూడా తొక్కాలి. లేదా ఎడమకు కొద్దిగా మళ్లాలంటే కుడి లివరు లాగాలి. ముందు చదును నేలలో, ఆ తర్వాత చిన్న వాలు మీద అలవాటు చేసుకున్నాకే కొండ ఎక్కండి.

క్లెట్రాక్ బండ్లలో ఈ చిక్కు లేదు. వాటిలో ఇలా పట్టాకూ ఇంజనుకూ బంధం తెంచే స్టీరింగు క్లచ్చుల బదులు ఒక రకం డిఫరెన్షియల్, అంటే రెండు వైపులకూ వేగం పంచే గేర్ల అమరిక, ఉంటుంది. ఒక వైపు లివరు లాగితే ఆ వైపు పట్టా నెమ్మదిస్తుంది, రెండోది వేగం అందుకుంటుంది, లాగుడు మాత్రం రెండింటికీ అందుతూనే ఉంటుంది. మలుపులో కూడా నాగలి ఆగదు. కానీ ఒక పట్టాను పూర్తిగా నిలిపి ఉన్నచోటే తిప్పడం దీనితో కాదు. చేను చివర జాగా తక్కువైతే క్లచ్చుల బండి మేలు, వాలు ఎక్కువైతే క్లెట్రాక్ తరహా మేలు. నన్నడిగితే కొండవాలు తోటకు క్లెట్రాకే తీసుకోమంటాను.

కొనేటప్పుడు ఏం చూడాలి? అందరూ ముందు ఇంజను స్టార్టు చేయమంటారు. నేను ముందు మోకాళ్ల మీద కూర్చుని కింది భాగం చూస్తాను. ఇంజను బాగు చేయించుకోవచ్చు, రింగులు, బేరింగులు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. పట్టాలు, రోలర్లు, పట్టా ముందు కొసన తిరిగే ఐడ్లర్ చక్రాలు, వెనక పట్టాను తిప్పే స్ప్రాకెట్ పళ్లచక్రాలు అన్నీ ఒకేసారి అరిగిపోయి ఉంటే, వాటి ఖర్చు బండికి పెట్టిన ధరను మించిపోతుంది.

పట్టా అంటే లింకులు, వాటిని కలిపే పిన్నులు, పిన్నుల చుట్టూ బుష్షులనే చిన్న గొట్టాలు. పాత బండ్లలో ఇవి పొడిగా ఉంటాయి, లోపల నూనె ఉండదు. స్ప్రాకెట్ చుట్టూ, ఐడ్లర్ చుట్టూ మళ్లేటప్పుడు పిన్ను బుష్షులో తిరుగుతుంది. మధ్యలో ఇసుక చేరి ఆకురాయిలా అరగదీస్తుంది. ఒక్కో పిన్ను కాస్త కాస్త అరిగినా గొలుసు మొత్తం సాగుతుంది. సాగిన గొలుసు స్ప్రాకెట్ పళ్ల మీద సరిగా కూర్చోదు, పళ్ల చివరలు సన్నబడి కొక్కేల్లా వంగినట్టు కనిపిస్తాయి. ఆ ఆకారం కనిపిస్తే అమ్మేవాడు ఎంత తక్కువ ధర చెప్పినా తొందరపడకండి.

చూడాల్సిన తీరు ఇది. స్ప్రాకెట్ పంటికీ గొలుసుకూ మధ్య ఒక చెక్కముక్క పెట్టి, బండిని అంగుళం అంగుళం కదిలిస్తే గొలుసు పైభాగం బిగుసుకుంటుంది. అప్పుడు ఇంజను ఆపి, గేరులో ఉంచి, పక్కన కూర్చుని నాలుగైదు పిన్నుల మధ్య దూరం టేపుతో కొలవండి. ఆ బండి మాన్యువల్‌లో ఇచ్చిన కొత్త గొలుసు కొలతతో పోల్చండి. ఎంత సాగిందో అంకెల్లో తేలిపోతుంది. తర్వాత పట్టా వెనక నిలబడి బారుగా చూడండి. సరళ రేఖలా ఉండాలి, పాము మెలికలు తిరిగినట్టు ఉంటే పిన్నులు పక్కలకు కూడా వదులైపోయాయని అర్థం. రోలర్ల అంచులు చూడండి, ఐడ్లర్ దగ్గర నూనె మరకలు చూడండి. బుష్షు గోడ మరీ పలచబడక ముందే పట్టుకుంటే ఒక ఉపాయం ఉంది. పిన్నులనూ బుష్షులనూ ప్రెస్సుతో బయటికి తోసి, సగం చుట్టు తిప్పి మళ్లీ దిగ్గొడతారు. అరగని వైపు పనిలోకి వస్తుంది, పట్టాకు రెండో ఆయుష్షు దక్కుతుంది. దీనికి పదుల టన్నుల ప్రెస్సు కావాలి, ఇంటి దగ్గర సుత్తితో అయ్యే పని కాదు.

రెండోది స్టీరింగు క్లచ్చులు. ఏళ్ల తరబడి ఆరుబయట నిలిపిన బండిలో తేమకు ఆ పలకలు తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుంటాయి. లివరు లాగితే మొత్తం వదులుగా వస్తుంది, బండి మాత్రం తిరగదు. కొన్నిసార్లు లివరును లాగి కట్టేసి, ఇంజనును బాగా వేడెక్కనిచ్చి, విశాలమైన చోట మెల్లగా ముందుకూ వెనక్కూ నడిపితే విడిపోతాయి. విడకపోతే సీటు, ట్యాంకు, వెనక పెట్టె మూత అన్నీ విప్పాల్సిందే. ఆ శ్రమ, ఆ ఖర్చు ముందే బేరంలో కలుపుకోండి. వెనక పెట్టెల నూనె తీసి చూడడం మరవకండి. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయని అర్థం. పొగగొట్టం మీద మూత లేకుండా వానలో నిలబెట్టిన బండి అయితే ఇంజను లోపల కూడా నీళ్లు దిగి ఉంటాయి.

ఇంజన్ల గురించి ఒక్క విషయం చెప్పాలి, ఎందుకంటే అది చూడ్డానికే ముచ్చటగా ఉంటుంది. డీ2 లాంటి డీజిల్ బండ్లకు పెద్ద బ్యాటరీ, సెల్ఫు లేని రోజుల్లో పక్కనే ఒక చిన్న రెండు సిలిండర్ల పెట్రోలు ఇంజను బిగించారు. ముందు దాన్ని స్టార్టు చేస్తారు. అది పెద్ద ఇంజనును తిప్పుతుంది. పెద్ద ఇంజనులో కంప్రెషన్ వదిలే లివరు వేసి ఉంచుతారు కాబట్టి తేలిగ్గా తిరుగుతుంది. రెండింటికీ ఒకటే నీళ్లు, అందువల్ల చిన్నది వేడెక్కుతుంటే పెద్దదీ వేడెక్కుతుంది. దాని పొగ వేడి పెద్ద ఇంజను పీల్చే గాలిని కూడా వెచ్చబరుస్తుంది. ఆయిల్ ప్రెషరు ముల్లు పైకి లేచాక, కంప్రెషన్ లివరు మూసి, డీజిల్ వదిలితే ఇంజను అందుకుంటుంది. ఒక్క చుక్క డీజిల్ కాలకముందే ప్రతి బేరింగుకూ నూనె చేరి ఉంటుంది. ఈ ఇంజన్లు అన్నేళ్లు మన్నడానికి అదొక కారణమని నా నమ్మకం. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ టీడీ6లో ఇంకో దారి తొక్కారు. అదే ఇంజను మొదట పెట్రోలు మీద, స్పార్కు ప్లగ్గులతో నడుస్తుంది, వేడెక్కాక లివరు మారిస్తే డీజిల్‌కు మారుతుంది. తెలివైన ఏర్పాటే, కానీ సిలిండరు హెడ్డులో నిర్మాణం చిక్కుగా ఉంటుంది. అది కొనేటప్పుడు హెడ్డు పగుళ్లు ప్రత్యేకంగా చూసుకోండి.

వాడకంలో పట్టాల ఆయుష్షు చాలావరకు మన చేతిలోనే ఉంటుంది. మరీ బిగించకండి. పై రోలరుకూ ఐడ్లర్‌కూ మధ్య గొలుసు అంగుళం, అంగుళంన్నర కిందికి వేలాడాలి. బిగుతు గొలుసు శక్తిని తినేస్తుంది, బుష్షులను నమిలేస్తుంది. వేగంగా వెనక్కి నడపకండి, బుష్షులు ఎక్కువ అరిగేది వెనక్కి నడిచేటప్పుడే. ఎప్పుడూ ఒకే వైపు తిప్పకండి. పొడి గొలుసుకు నూనె పూయకండి, పూస్తే ఇసుక అక్కడే అతుక్కుంటుంది. రోలర్లకు మాత్రం మాన్యువల్ చెప్పిన వేళకు చెప్పిన గ్రీజు కొట్టాలి. సాయంత్రం పార ఒకటి తీసుకుని పట్టాల్లో ఇరుక్కున్న మట్టి గీకేయండి. వదిలేస్తే రాత్రికి బిగుసుకుపోయి పొద్దున రోలర్లు తిరగకుండా ఈడ్చుకుపోతాయి, ఒకే చోట అరిగి బల్లపరుపు అయిపోతాయి. రాత్రి బండిని చెక్కపలకల మీద నిలబెట్టడం మంచి అలవాటు.

ఏ పనులకు కొనకూడదో కూడా చెప్పాలి. పొలాలు రెండు మూడు చోట్ల విడిగా ఉండి, మధ్యలో రోడ్డు మీద తిరగాల్సి వస్తే ఇది మీ బండి కాదు. పట్టా మీది ఇనుప పళ్లు రోడ్డును పాడు చేస్తాయి, రోడ్డు పట్టాను పాడు చేస్తుంది, వేగం గంటకు ఆరేడు కిలోమీటర్లు దాటదు. రాళ్లూ ఇసుకా కలిసిన నేలలో రోజూ వాడితే పట్టాల ఖర్చు మిమ్మల్ని కుంగదీస్తుంది. పైరు వరసల మధ్య అంతరసేద్యానికి కొన్ని రకాలు తప్ప పనికిరావు. చాలా పాత బండ్లకు మూడు చేతుల లిఫ్టు ఉండదు, ఇంజను శక్తిని పనిముట్టుకు అందించే పీటీఓ ఇరుసు ఉన్నా, బండి ఆగితే అదీ ఆగిపోతుంది. అంటే రోటావేటరు, గడ్డి కట్టలు కట్టే యంత్రం లాంటివి మరిచిపోండి. వెనక ఈడ్చుకుపోయే నాగలి, డిస్కు గొర్రు, సబ్‌సాయిలర్, ముందు బ్లేడు, దుంగలు లాగే గొలుసు, ఇవే దీని పనిముట్లు. గట్లు వేయడం, నేల చదును చేయడం, చిన్న కుంట తవ్వడం, మొద్దులు పెకలించడం లాంటి పనులు ఏడాదిలో కొన్నాళ్లే ఉంటాయి. అందుకే నేను దీన్ని రెండో ట్రాక్టరుగా ఉంచుకోమంటాను. రోజువారీ పనులకు టైర్ల బండి, కష్టమైన రోజులకు ఇది.

ఇక్కడ ముందు వరసలోంచి ఒక ప్రశ్న వచ్చింది. రబ్బరు పట్టాల కొత్త చిన్న లోడర్లు ఉన్నాయి కదా, అవి చాలవా అని. మంచి ప్రశ్న. ఎత్తడానికి, మోయడానికి, తోడడానికి అవి చాలా మేలు, హైడ్రాలిక్స్ కూడా గొప్పగా ఉంటాయి. కానీ వాటిలో పట్టాలను తిప్పేది హైడ్రాలిక్ మోటార్లు. గంటల కొద్దీ ఒకే బరువును లాగుతూ పోతే నూనె వేడెక్కుతుంది, దారిలో శక్తి పోతుంది. పాత బండిలో ఇంజను నుంచి పట్టా దాకా అన్నీ గేర్లే. నాగలి పట్టుకుని రోజంతా నడవడానికే దాన్ని కట్టారు. మీ పని ఏదో దాన్ని బట్టి ఎంచుకోండి.

ప్రమాదాల విషయంలో మాత్రం నేను కాస్త కఠినంగానే మాట్లాడతాను. ఈ బండ్లకు బోల్తా పడితే కాపాడే ఫ్రేము ఉండదు. వాలు మీద అడ్డంగా కంటే నిలువుగా ఎక్కి దిగండి. బరువు లాగే గొలుసును బండి వెనక కింద ఉండే లాగుడు కడ్డీకే, అంటే డ్రాబారుకే తగిలించండి, అంతకన్నా ఎత్తులో ఎక్కడ తగిలించినా బండి ముందు భాగం లేచి వెనక్కి పడిపోయే ప్రమాదం ఉంది. మొద్దు రాకపోతే చుట్టూ తవ్వి, వేర్లు కోసి మళ్లీ లాగండి. గొలుసు వదులుగా ఉంచి ఒక్కసారిగా ఎగదోయకండి. లాగేటప్పుడు గొలుసు పక్కన ఎవరూ నిలబడకూడదు. నడుస్తున్న పట్టా మీద కాలు పెట్టి ఎక్కడం, దిగడం చేయకండి. ఇంకోటి, పాత బ్రేకు బ్యాండ్లలో, క్లచ్చు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. విప్పినప్పుడు ఆ ధూళిని గాలి కొట్టి ఊదకండి. తడిపి, మంచి మాస్కు పెట్టుకుని తుడవండి.

చివరగా బండిని లారీ ఎక్కించడం. కొన్నవాళ్లు మొదటి రోజే ఇబ్బంది పడేది ఇక్కడే. ఇనుప ర్యాంపు మీద ఇనుప పట్టా నిలవదు, తడిగా ఉంటే అసలే నిలవదు. ర్యాంపు మీద మందపాటి చెక్కలు బిగించండి. మొదటి గేరులో, తిన్నగా పెట్టుకుని ఎక్కండి, ర్యాంపు మీద ఉన్నప్పుడు లివర్ల జోలికి వెళ్లకండి. పైకి చేరాక బండి సగం గాలిలోకి లేచి ఉంటుంది, బరువు ముందుకు మారగానే ధబాలున లారీ మీదికి వాలుతుంది. ఆ క్షణానికి ముందే ఇంజను వేగం బాగా తగ్గించి, అంగుళం అంగుళం కదపాలి. అలా చేస్తే మెల్లగా వాలుతుంది. ఎక్కాక బ్లేడు దించి, నాలుగు మూలలా గొలుసులతో కట్టండి, బ్రేకు ఒక్కదాన్నే నమ్మకండి.

బయట ఒక బండి నిలబెట్టి ఉంచాం. ఎడమ పట్టా బిగించి, పక్కన టేపు, చెక్కముక్క, మాన్యువల్ పెట్టాను. ఇంజను ఇప్పుడే స్టార్టు చేయను. ముందు మీరే స్ప్రాకెట్ పళ్లు చూసి, పిన్నుల మధ్య దూరం కొలిచి, ఈ బండిని కొనొచ్చో లేదో నాకు చెప్పండి. రండి.